మహబూబాబాద్ స్టేషన్‌లో అవ్వ అడిగిన మాట

యాభై రెండేళ్లకే ఉద్యోగం మానేద్దామనుకుంటున్న రోజులవి. మానేస్తే కంపెనీ ఇచ్చే వైద్యమూ ఆగిపోతుంది కనుక, సొంతంగా ఆరోగ్య బీమా తీసుకోవాలనుకున్నాను. మహబూబాబాద్ స్టేషన్‌లో కూర్చుని ఆ దరఖాస్తు నింపుతుంటే, పక్కనున్న తండా అవ్వ అడిగింది.

“ఏం రాస్తున్నవ్ బిడ్డా?”

నా ఒక్కడికే ఆరోగ్య బీమా అని చెప్పాను.

“మరి నీ ఇంటామెకు?”

“ఆమెకు ఏ రోగం లేదవ్వా. గిప్పటిదాంక దవాఖానకే పోలేదు.”

“పోలేదా, ఎవ్వలు తోల్కపోలేదా?”

సగం నింపిన దరఖాస్తును మడిచి జేబులో పెట్టుకున్నాను. ఇంతలో రైలు వస్తే అవ్వ ఎక్కి వెళ్లిపోయింది.

కంపెనీ వైద్యం ఆగకుండా మరో ఏడాది ఉద్యోగంలోనే ఉండి, ముందు మా ఆవిడకు పరీక్షలు చేయించాను. బీపీ బాగా ఎక్కువగా ఉందన్నారు. మందులతో అదుపులోకి వచ్చింది. ఇద్దరికీ బీమా తీసుకున్నాకే ఉద్యోగం మానేశాను. ఇప్పుడు పొద్దున్నే మా జనగామ వీధుల్లో ఇద్దరం నడకకు వెళ్తాం. ఆమె నాకంటే పదడుగులు ముందే ఉంటుంది.