ఎంగిలి తంగూసు

మాచర్లలో ఖాదర్ వలి పేరెత్తితే ఇప్పటికీ కొందరు మూతి విరుస్తారు. "ఆ సాయిబేగా, రామబ్రహ్మంగారికి నాసిరకం తంగూసు ఎంచిపెట్టి నలుగురిలో పరువు తీసింది" అంటారు. గాలానికి కట్టే నైలాను దారాన్ని మావైపు తంగూసు అంటారు. అది ఆ రోజు ఎందుకు తెగిందో ఒక్క నిమిషం ఆలోచించిన పాపాన ఎవరూ పోలేదు. వినీ వినీ నాకు ఒళ్లు మండిపోయింది. అందుకే ఇది రాస్తున్నాను.

ఖాదర్ వలి దూదేకే మనిషి. బస్టాండు వెనక రేకుల షెడ్డులో పరుపులు, బొంతలు కుట్టేవాడు. అప్పట్లో దూది ఏకటానికి ఒక పెద్ద విల్లు ఉండేది. దానికి పేగుతో చేసిన నరం బిగించి, చెక్క సుత్తితో మీటుతూ ఏకేవాళ్లు. ఆ నరంలో కంటికి ఆనని గాటు ఒక్కటుంటే చాలు, పని మధ్యలో ఫెళ్లున తెగి మొహం మీద కొడుతుంది. పన్నెండో ఏట అలా తెగిన నరం ఆయన ఎడమ కనుబొమను చీల్చింది. ఇంకో అరంగుళం కిందకి తగిలితే కన్ను పోయేది. అప్పటినుంచి ఏ నరాన్నయినా రెండు పెదవుల మధ్య పెట్టుకొని, ఈ కొస నుంచి ఆ కొస దాకా మెల్లగా లాగి చూసిగాని విల్లుకు కట్టేవాడు కాదు.

ఆయనకు చేపల పిచ్చి కూడా ఉండేది. శుక్రవారం నమాజు అయ్యాక సైకిలెక్కి బుగ్గవాగు రిజర్వాయరుకు పోయేవాడు. గాలంతో కొర్రమీనునీ వాలుగనీ పట్టేవాడు. ఆ రెండూ మాటు వేసి మీదపడి కరిచే రకాలు. ఒక్క గుంజుతో పాత దారాలన్నీ పుటుక్కుమంటాయి. అందుకని తంగూసుని కూడా నరాన్ని చూసినట్టే పెదవులతో చూసేవాడు. ఆయన గాలం తెగదని చుట్టుపక్కల చేపలు పట్టేవాళ్లు గమనించారు. మొదట ఒకళ్లిద్దరు వచ్చారు. తరవాత కృష్ణ ఒడ్డు పల్లెలనుంచి కూడా తంగూసు చుట్టలు పట్టుకొని వచ్చేవాళ్లు. "ఖాదర్ మామా, ఒక్కసారి నోట పెట్టు" అనేవాళ్లు. ఆయన సరేనంటే తీసుకుపోయేవాళ్లు, తల అడ్డంగా ఊపితే కొట్టుకు తిరిగిచ్చేసేవాళ్లు.

ఎనభై నాలుగుకల్లా ఊళ్లోకి కరెంటుతో దూది ఏకే మిషను వచ్చింది. విల్లు మూలన పడింది. ఇంట్లో భార్య ముంతాజ్ బీ కుట్టే బొంతలు తప్ప పనేమీ లేకుండా పోయింది. యాభై ఏళ్లు దాటిన మనిషికి ఊళ్లో ఇంకా ఓ విలువ ఉందంటే, అది ఆ తంగూసు మీద ఆయన చెప్పే మాటవల్లే. ఆ మాట పోతే ఖాదర్ వలికి మిగిలేదేమీ లేదు. ఈ సంగతి ఊరంతటికీ తెలుసు, రామబ్రహ్మంగారికి ఇంకా బాగా తెలుసు.

రామబ్రహ్మంగారు పత్తి, మిరప పండించే మోతుబరి. నేను హైస్కూల్లో సైన్సు మేష్టారిగా చేరిన కొత్తలో ఆయన ఇంటి ముందుగదిలోనే అద్దెకుండేవాణ్ణి. ఆయన మద్రాసునుంచి చక్రం ఉన్న గాలంకర్ర తెప్పించుకున్నాడు. నరసరావుపేటలో వకీలుగా చేసే అమరేశ్వరరావు ఆయనకు వియ్యంకుడి వరస. ఆ వకీలుతో, "మా బుగ్గవాగులో పదిహేను కిలోల వాలుగను నీ కళ్లముందు లాగి చూపిస్తా" అని పంతం పలికాడు. అది ఎనభై ఆరు, ఏప్రిల్ నెల.

పంతం పలికాక తంగూసు కావలసివచ్చింది. మూడు చుట్టలు తెప్పించి, నన్ను వెంటబెట్టుకొని ఖాదర్ వలి షెడ్డుకు నడిచాడు. పిలిస్తే వచ్చేవాడే ఖాదర్ వలి. కాని అవసరం మనదైనప్పుడు పెద్దమనుషులు కూడా నడుస్తారు.

మొదటి చుట్ట పచ్చగా మెరిసిపోతోంది. రామబ్రహ్మంగారి మనసు దానిమీదే ఉంది. ఖాదర్ వలి దానిమీద గోరుపెట్టి గీరితే తెల్లటి పొడి రాలింది.

"ఇది కొట్టు అద్దాల ఎనక ఎండకి ఎండింది అయ్యా. మన పల్నాడు ఎండకి ఇనప రేకే సొట్టపోద్ది, ఇదెంత? మెరుపు మిగిలింది, లోపల సత్తువ లేదు."

రెండోది లావుగా ఉంది. విప్పితే మళ్లీ చుట్టలు చుట్టుకుపోతోంది. ముడివేసి లాగితే ముడి జారింది. "లావుంటే గట్టిదనుకుంటారు చానామంది. చేపకి కనపడుద్ది, ముడికి నిలవదు" అని పక్కన పెట్టాడు.

మూడోది సన్నగా, నీళ్లలా ఉంది. దాన్ని రెండు పెదవుల మధ్య పెట్టుకొని, కళ్లు మూసుకొని, వంద గజాలూ లాగాడు. అరగంట పట్టింది. రెండు చోట్ల ఆగి, అక్కడ కోసేసి, మళ్లీ కలిపాడు. ముడి బిగించేముందు నాలుకతో తడిచేశాడు. పొడిముడి బిగిస్తే ఆ రాపిడి వేడికి తంగూసు లోపల కమిలిపోతుందట.

"ఏంది సాయిబూ, మొత్తం నోట్లో పెట్టుకుంటన్నావు?" అన్నాడు రామబ్రహ్మంగారు.

"ఏలికి తెలవని గాటు పెదవికి తెలుసుద్దయ్యా. ఇది తీసుకపోండి. ఇరవై కిలోలదైనా తెగదు, నాదీ పూచీ."

ఆయన నవ్వుతూనే తీసుకున్నాడు. ఇంటికొచ్చాక అదే నవ్వుతో తల్లి వీరరాఘవమ్మగారికి చెప్పాడు. ఆవిడ నవ్వలేదు.

"ఎంగిలిదా? సాయిబు నోట్లో నానిందాన్ని ఇంట్లోకి తెస్తావంట్రా?"

ఇక్కడ నాకు కోపం ఆగదు. ఆ ఇంట్లో అందరూ ముప్పై ఏళ్లుగా ఖాదర్ వలి ఏకిన దూది మీదే పడుకున్నారు. దుమ్ము పీల్చుకుంటూ, చెమట కారుస్తూ ఆయన ఏకిన దూది అది. దానికి మైల లేదు. గాలం పోయేది చేప నోట్లోకి, బురదా పురుగూ తినే నోట్లోకి. దానికీ మైల లేదు. ఒక మనిషి తన ఒడుపునంతా పెట్టి చూసిన దారానికి మాత్రం మైల అంటుకుంది!

ఆ వేసవి ఊళ్లో వాంతులు, విరేచనాలు ప్రబలితే, బావుల్లో వేసుకోమని ఇంటింటికీ బ్లీచింగ్ పౌడరు పంచారు. వీరరాఘవమ్మగారు రెండు దోసిళ్ల పౌడరు బేసిన్లో కలిపి, తంగూసు చుట్టని అందులో వేసింది. శుక్రవారం పొద్దున వేసింది, శనివారం సాయంత్రం తీసింది. మధ్యలో నేను బావి దగ్గరికి వెళ్లి చూశాను. ఆ ఘాటుకి కళ్లు మండాయి.

"పెద్దమ్మగారూ, దానికి బ్లీచింగు పడదండీ. పాడవుద్ది" అన్నాను.

"బావికి పడింది, నీళ్లకి పడింది, నాలుగు బారల దారానికి పడదా? నువ్వు పిల్లలకి చెప్పుకో నాయనా ఆ సైన్సు" అంది ఆవిడ.

సరేనని గదిలోకి పోయాను. శనివారం సాయంత్రం తంగూసు పెరట్లో బట్టలతీగ మీద ఆరుతుంటే రామబ్రహ్మంగారు చూసి, "అమ్మ శుద్ధి చేసిందిలే మేష్టారూ" అని కన్ను గీటాడు. అంటే ఆయనకీ తెలుసు. ఈ ఒక్క ముక్క మాత్రం ఎవరూ మరచిపోవద్దు.

ఆదివారం పొద్దున్నే అందరం బుగ్గవాగు చేరాం. అమరేశ్వరరావు మడత నలగని పంచెతో గొడుగు కింద కూర్చున్నాడు. చేపలు పట్టేవాళ్లు పాతికమంది దాకా తమాషా చూడటానికి వచ్చారు. ఎర గుచ్చటానికి ఖాదర్ వలిని రమ్మన్నారు. ఆయన తెల్లచొక్కా వేసుకొని వచ్చాడు. తను ఎంచిన తంగూసు ఇంతమంది ముందు నీళ్లలోకి దిగుతోందని ఆయన మొహం వెలిగిపోతోంది. గాలానికి కప్పను గుచ్చి పక్కకు జరిగాడు. గాలం ముందే కట్టేసి, మిగతా తంగూసు చక్రం మీద చుట్టి ఉండటంవల్ల దాన్ని ముట్టుకొనే పని ఆయనకు పడలేదు.

గంట తరవాత వాలుగ పట్టింది. గాలంకర్ర వంగింది. చక్రం గిర్రున తిరిగింది. రామబ్రహ్మంగారు కాళ్లు తన్నిపెట్టి, "చూశావా బావా!" అని అరిచాడు. ఆ అరుపు పూర్తికాకముందే తంగూసు తెగింది. రాయికి ఒరుసుకోలేదు, ముడి దగ్గర జారలేదు, వట్టి నీళ్లమీద నడిమధ్యన తెగింది. రామబ్రహ్మంగారు వెల్లకిలా బురదలో పడ్డాడు. అమరేశ్వరరావు నోటికి తుండుగుడ్డ అడ్డం పెట్టుకొని నవ్వాడు.

బురద కడుక్కోకుండానే రామబ్రహ్మంగారు ఖాదర్ వలి మీదికి వచ్చాడు.

"ఏరా, ఇదేనా నువ్వు పూచీపడింది? ఇరవై కిలోలన్నావే! ఒరేయ్, మీరంతా ఈడు నోటబెట్టిన తంగూసు నమ్మి ఏట్లోకి పోతన్నారా? మునిగిపోతారు!"

పాతికమందీ విన్నారు. ఒకడు తన సంచిలోని తంగూసు చుట్టని తీసి అనుమానంగా చూసుకున్నాడు. అది నా కళ్లతో చూశాను. పదేళ్లు కష్టపడి సంపాదించుకున్న మాట, ఒక్క పెద్ద గొంతుకకి అలా ఎగిరిపోతుంది.

ఖాదర్ వలి గాలంకర్ర అందుకున్నాడు. నీళ్లలో వేలాడుతున్న తంగూసును లాగి, తెగిన కొసను పెదవుల మధ్య పెట్టుకున్నాడు. వెంటనే ఉమ్మేశాడు. మళ్లీ పెట్టుకొని మళ్లీ ఉమ్మేశాడు. అప్పుడు తలెత్తి చూశాడు.

"అయ్యా, దీన్ని బ్లీచింగులో నానేశారు. నాలిక చురచుర మంటంది. తంగూసంతా గరుకు లేచిపోయింది. నేనిచ్చింది ఇట్లా లేదు."

"నా ఇంట్లో వాళ్లమీద పెడతన్నావా?"

"నేను ఎవురిమీదా పెట్టటం లేదయ్యా. నోట్లో పెట్టుకొని చూడండి. మీకే తెలుసుద్ది."

ఆ కొసను ఆయనవైపు చాపాడు. రామబ్రహ్మంగారు రెండడుగులు వెనక్కి వేశాడు. ఖాదర్ వలి దాన్ని వకీలువైపు చాపాడు. కోర్టులో సాక్ష్యాలు అడిగి బతికే మనిషి, ఎదురుగా వచ్చిన సాక్ష్యాన్ని చూసి గొడుగు అటు తిప్పుకున్నాడు. "మామా" అని పిలిచి ఆయన నోటిని నమ్ముకున్నవాళ్లు కూడా మోతుబరి మొహం చూసి తల వంచుకున్నారు. ఒక్క మనిషి నాలుక చివర ఆనిస్తే తేలిపోయే నిజం అది. ఇంతమందిలో ఆ ఒక్క నాలుక దొరకలేదు. సిగ్గులేని జనం!

చివరకు నా దగ్గరికి వచ్చాడు.

"మేష్టారూ, మీరు సైన్సు చెప్తారు. మీ మాటయితే అందరూ ఇంటారు. కాస్త చూసి చెప్పండి."

ఆ కొస నా చేతిలో పెట్టాడు. నాకు నాలుక పెట్టవలసిన అవసరం కూడా లేదు. బేసినూ, పౌడరూ, బట్టలతీగా కళ్లారా చూసినవాణ్ణి. అందరూ నావైపే చూస్తున్నారు. నేను దాన్ని ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూసినట్టు నటించాను.

"ఏం తెలియటం లేదు" అన్నాను.

ఖాదర్ వలి ఇంకాస్త దగ్గరికి జరిగాడు. నాకు తప్ప ఇంకెవరికీ వినపడకుండా, "పోనీలే మేష్టారూ. వాళ్లింట్లో అద్దెకుంటన్నారు, మీరు మాత్రం ఏం చేస్తారు" అన్నాడు. సైకిలు తీసుకొని వెళ్లిపోయాడు. ఆ తరవాత ఆయన దగ్గరికి ఎవరూ చుట్టలు తీసుకురాలేదు. మరుసటేడు ముంతాజ్ బీని వెంటబెట్టుకొని పిడుగురాళ్ల పోయి, సున్నపుబట్టీల్లో కూలిపనికి కుదిరాడని విన్నాను.

ఆయన దయతలచి ఇచ్చిన ఆ సాకును పట్టుకొని నేను చాలా ఏళ్లు బతికాను. గది పోతుందని భయపడి అబద్ధం ఆడాననే చెప్పుకున్నాను. ఊళ్లో అద్దెగదులకు కరువేమీ లేదు, మరుసటి నెలలోనే నేను ఇల్లు మారాను కూడా. నాకు తెలిసిన సంగతి నాలుక ఆనించకుండా కూడా చెప్పి ఉండొచ్చు. కాని నేను చెబితే, "ఏదీ, అయితే నోట్లో పెట్టుకొని చూపించు" అంటారని భయపడ్డాను. ఆ కొస అప్పుడే ఆయన పెదవుల మధ్యనుంచి వచ్చి, నా చేతిలో ఇంకా తడిగా ఉంది. నాకు అసహ్యం వేసింది.