ఫోన్ క్షమించిన అక్క

మా వనపర్తి చర్చి సంఘంలో, దేవుడు తమకు చేసిన మేలు గురించి జనం చెప్పే సాక్ష్యాలు రాసిపెట్టే పని నాది. ఈ ఏడాది ఉజ్జీవ కూడికలకు ఆ పని ఫోన్‌కు అప్పగించాను. మనిషి చెప్పింది వినిపిస్తే చాలు, అదే రాసి, దిద్ది ఇస్తుంది. ఎంత చక్కగా దిద్దిందంటే, గొర్లు కాసే ముసలాయనా, కాలేజీ పిల్లా ఒకే మాటలతో ప్రభువును స్తుతించారు. పాస్టరు గారు సంతోషించారు. నేనైతే దీన్ని వరాల్లో ఒకటిగా లెక్కవేసుకున్నాను.

గోపాల్‌పేట నుంచి వచ్చే ఒక చెల్లెమ్మ సాక్ష్యం కూడా అట్లాగే రాయించాను. ఆమె జబ్బుపడి నెలంతా దవాఖానలో ఉండి, ప్రార్థనతో లేచింది. ఆ నెలలో సొంత అక్క ఒక్కసారి కూడా చూడటానికి రాలేదు. ఇద్దరూ మా చర్చికే వస్తారు, చెరో మూల కూర్చుంటారు. వాళ్లను కలపమని ఏళ్లుగా ప్రార్థిస్తున్నాను. ఫోన్ రాసిన చివరి మాట చూసి స్తోత్రం అన్నాను: 'నా అక్కను హృదయపూర్వకంగా క్షమించాను.'

ఆదివారం అందరి ముందూ చదవాలి. శనివారం ఫోన్‌తోనే చదివించి ఆమెకు వినిపించాను.

"అన్నా, గీ క్షమించుడు ఎవలు చెప్పిన్రు?"

"ఫోనే రాసింది చెల్లె."

"మంచంల పడ్డది నేనా, ఫోనా?"

"క్షమించాలని వాక్యం ఉన్నది గద."

"ఉన్నది. నాకు తెల్వదా? నా మనసుకు వచ్చిననాడు నేనే చెప్త. రేపు గిది చదివితే, దేవుని ఇంట్ల, మా అక్క ముందల నేను అబద్ధమాడినట్టే."

తీసేయమని ఫోన్‌కు చెప్పాను. తీసేసి, 'క్షమించే కృప కోసం ప్రార్థిస్తున్నాను' అని పెట్టింది. అదీ వద్దన్నాను. ఈసారి అక్కనే తీసేసి 'ఒక బంధువు' అంది. దిద్దమన్న ప్రతిసారీ 'పొరపాటుకు నన్ను క్షమించండి' అని ఎంతో వినయంగా వేడుకుంది.

అది విని ఆమె పకపకా నవ్వింది. "మాఫీ అడుగుడు దీనికి మస్తు వచ్చు అన్నా. జర మా అక్కకు నేర్పమను."

చివరికి పెన్ను తీశాను. ఆమె చెప్పింది చెప్పినట్టే రాసి, ఆదివారం చదివాను: 'మా అక్క వస్తదని దవాఖాన వాకిలి దిక్కే చూసిన. రాలే.' ఆమేన్ అనాలో వద్దో ఎవరికీ తెలియలేదు.

కూడిక ముగిశాక అక్క నా దగ్గరికి వచ్చింది.

"రాలే. నిజమే. ఎందుకు రాలేదో వచ్చే వారం చెప్త. నాది గూడ రాసుకో అన్నా. ఫోన్ల మాత్రం వద్దు."

చెల్లెలు అప్పటికే చెప్పులు వేసుకుంది. వాకిట్లోనే నిలబడింది, కదల్లేదు.