పొయ్యి ఆర్పి ఇచ్చిన తొవ్వ

యాదలక్ష్మి సముద్రాన్ని ఎన్నడూ చూడలేదు. కానీ సముద్రం అడుగుకు పోయే కెమెరాలను పెట్టెల్లో సర్ది విమానానికి సిద్ధం చేయడమే ఆమె ఉద్యోగం.

దిల్‌సుఖ్‌నగర్‌లో, కోచింగ్ సెంటర్ల బోర్డుల వెనక సందులో, రెండో అంతస్తులో బిందుమాధవి ఆఫీసు ఉండేది. బిందుమాధవిది బాపట్ల వైపు కుటుంబం. తండ్రి బ్యాంకు ఉద్యోగం మీద హైదరాబాదు వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నాడు. ఆమె అండమాన్‌లోనో లక్షద్వీప్‌లోనో నీళ్లలోకి దిగి చేపలను, పగడపు దిబ్బలను ఫొటోలు తీసి పత్రికలకు, పరిశోధన సంస్థలకు ఇచ్చేది. యాదలక్ష్మి మొదట ఆ ఆఫీసు ఊడ్చి తుడవడానికి చేరింది. వస్తువును పట్టుకునే తీరు నచ్చి, బిందుమాధవి మెల్లగా సర్దే పని నేర్పింది.

పని చూడ్డానికి చిన్నదే, చేస్తేనే కష్టం తెలిసేది. కెమెరాకు తొడిగే అల్యూమినియం డబ్బా ఒకటి ఉంటుంది. దాని ముందు బోర్లించిన గిన్నెలాంటి గాజు బుడగ. దాని మీద చిన్న గీత పడినా ప్రతి ఫొటోలోనూ ఆ గీత కనబడుతుంది. అందుకని దాన్ని ఈతకు వేసుకునే మందపాటి రబ్బరు సూట్‌లో చుట్టి, చుట్టూ తువ్వాళ్లు కూరి, స్పాంజి గుంటలో కూర్చోబెట్టాలి. డబ్బా మూత గట్టిగా బిగించి విమానం ఎక్కిస్తే, దిగాక గాలి ఒత్తిడికి పట్టేసుకుని ఎంత లాగినా రాదు. కనుక మూత చుట్టూ ఉండే రబ్బరు రింగును తీసి విడిగా కవరులో పెట్టాలి. బ్యాటరీలను పెద్ద పెట్టెల్లో వేస్తే విమానం వాళ్లు ఒప్పుకోరు. మొనలకు టేపు అంటించి చేతిసంచిలో వేయాలి. అన్నీ అయ్యాక పెట్టెను కాటా మీద పెట్టి, బరువు ఎక్కువైతే మళ్లీ విప్పి సర్దాలి. ఇదంతా యాదలక్ష్మి పసిపిల్లకు స్నానం చేయించినంత ఓపికగా చేసేది.

ఆమె భర్త మట్టయ్య ఆర్టీసీ కండక్టరు. ఇద్దరిదీ నల్లగొండ జిల్లా, చండూరు దగ్గర పల్లె. మన్సూరాబాద్‌లో కిరాయికి ఉండేవాళ్లు. ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలయ్యాక బస్సులు డిపో దాటలేదు. మట్టయ్య పొద్దున్నే మెడలో గులాబీ కండువా వేసుకుని డిపో ముందు టెంటులో కూర్చునేవాడు. ఇంట్లో జీతం వచ్చేది యాదలక్ష్మికే. అయినా ఆమెకు సమ్మె అంటే విసుగు లేదు. ఆఫీసు నుంచి వస్తూ ఎల్బీనగర్ చౌరస్తా టెంటు దగ్గర కాసేపు ఆగి, బతుకమ్మ ఆడే ఆడవాళ్లతో రెండు చుట్లు తిరిగి వెళ్లిన రోజులూ ఉన్నాయి.

అట్లాంటి రోజుల్లోనే బిందుమాధవికి అండమాన్ ప్రయాణం పడింది. పరిశోధన వాళ్ల పడవ అక్కడ సిద్ధంగా ఉంది, ఆమె కోసం ఆగదు. సరిగ్గా ఆ రోజే రోడ్లన్నీ బందు పెట్టారు.

“నువ్వు కూడా రా లక్ష్మీ,” అంది బిందుమాధవి వ్యాను ఎక్కుతూ. “దారిలో ఎవరైనా ఆపితే నువ్వే మాట్లాడు. నేను నోరు తెరిస్తే ఎక్కడిదాన్నో ఇట్టే తెలిసిపోతుంది.”

కొత్తపేట దాటి ఎల్బీనగర్ చౌరస్తాకు వచ్చేసరికి రోడ్డుకు అడ్డంగా రాళ్లు, టైర్లు. మధ్యలో నిరసనగా వంటావార్పు జరుగుతోంది. పెద్ద పెద్ద రాళ్ల పొయ్యిల మీద గుండిగల్లో అన్నం ఉడుకుతోంది. గులాబీ కండువాలు వేసుకున్నవాళ్లు వ్యాను చుట్టూ మూగారు. వాళ్లలో ముందున్నవాడు అంతయ్య, గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌లో హమాలీ.

“యాడికక్కా? బందని తెల్వదా?” అన్నాడు. కోపం లేదు గొంతులో. వ్యాను వెనకకు తొంగిచూసి, “ఏంది గీ పెట్టెలు?” అన్నాడు.

నల్లటి పెట్టెలు. వాటి మీద గాజు గ్లాసు బొమ్మతో ఎర్రటి స్టిక్కర్లు. యాదలక్ష్మి ఒక్క క్షణం ఆ స్టిక్కర్ల వంక చూసింది.

“దవాఖాన సామానన్నా,” అంది. “కిడ్నీ మిషన్. శంషాబాద్ దిక్కు ఒక పెద్దాయన ఉన్నడు. ఇయ్యాల రక్తం కడగకుంటె కష్టమట.”

ఆ అబద్ధం ఆమె ముందుగా అనుకున్నది కాదు. బిందుమాధవి చెప్పమన్నదీ కాదు. యాదలక్ష్మి తండ్రి కిడ్నీలు పాడైపోయే పోయాడు. బస్సు దొరకక ఒకసారి దవాఖానకు పోలేకపోయిన వారంలోనే పోయాడు. అందుకే ఆ మాటలు వెతుక్కోకుండానే నోట్లోకి వచ్చాయి.

అంతయ్య మొహం మారిపోయింది. వెనక్కు తిరిగి చేతులూపాడు. “జరుగున్రి, జరుగున్రి. పేషెంటు సామాను.”

జనం రాళ్లు పక్కకు దొర్లించారు. వ్యాను పోయేంత సందు మాత్రం రాలేదు. పొయ్యి అడ్డం. దాని దగ్గర గరిటె పట్టుకుని నిల్చున్న ముసలామె పేరు అండాలమ్మ. మామూలు రోజుల్లో అదే చౌరస్తా పక్కన జొన్నరొట్టెలు కాల్చి అమ్ముకుంటుంది. ఆమె ఒక్కసారి గుండిగలోకి చూసింది. అన్నం సగమే ఉడికింది.

“దించున్రి,” అంది. “మళ్ల వండుకుందాం. నీళ్లు పొయ్యిన్రి పొయ్యిల.”

ఇద్దరు గుండిగ దించారు. నీళ్లు పోస్తే పొగ గుప్పుమని లేచింది. అంతయ్య తొందరలో చెప్పుతో పొయ్యిరాయిని తన్నబోయాడు. చెప్పు జారిపోయింది, కాలు నిప్పుల మీద పడింది. పళ్లు బిగబట్టి, కుంటుతూనే రాయిని పక్కకు నెట్టేశాడు.

వ్యాను కదులుతుంటే అండాలమ్మ కిటికీలోంచి చెయ్యి పెట్టి బిందుమాధవి తల నిమిరింది. విమానం పోతుందేమోనని బిందుమాధవి మొహం అప్పటికే పాలిపోయి ఉంది. ముసలామె దాన్ని ఇంకోలా అర్థం చేసుకుంది.

“మీ నాయినకేం గాదు బిడ్డా. గుట్ట నర్సింహస్వామికి మొక్కుకుంట. నువ్వు పరేషాన్ గాకు.”

సాగర్ రింగ్ రోడ్డు దాటాక బిందుమాధవి “బంగారం నువ్వు లక్ష్మీ,” అని నవ్వింది. ఎయిర్‌పోర్టులో బరువు తూచాక పెట్టెలు పట్టీ మీద లోపలికి వెళ్లిపోయాయి. యాదలక్ష్మి బయట నిలబడి, అద్దాల్లోంచి ఎర్ర స్టిక్కర్లు కనిపించినంతసేపూ చూసింది. తిరిగి వచ్చేటప్పుడు చౌరస్తా రాకముందే వ్యాను ఆపించి దిగి, సందుల వెంట నడిచి ఇల్లు చేరింది.

సాయంత్రం మట్టయ్య ఉత్సాహంగా వచ్చాడు. “విన్నవా? మన ఎల్బీనగర్ల ఏం చేసిన్రో. వండుతున్న పొయ్యి ఆర్పి పేషెంటుకు తొవ్వ ఇచ్చిన్రట. సమ్మె చేసేటోళ్లకు మనసు లేదనేటోళ్లు చూడాలె గది.”

యాదలక్ష్మి గిన్నెలు తోముతూ “అట్లనా” అని ఊరుకుంది.

చౌరస్తా తప్పించుకుని ఎన్నాళ్లని తిరుగుతుంది? ఒకరోజు అండాలమ్మే ఆమెను చూసి కేకేసింది. “బిడ్డా, పెద్దాయనకు ఎట్లున్నది?”

“మంచిగున్నడవ్వా,” అంది యాదలక్ష్మి.

“తింటుండా?”

“జర జర తింటుండు.”

ఆ తర్వాత ప్రతిసారీ ఇదే. లేని మనిషి యాదలక్ష్మి నోట్లోనే కోలుకున్నాడు, లేచి కూర్చున్నాడు, నాలుగడుగులు నడిచాడు. అబద్ధం చెప్పిన ప్రతిసారీ ఆమెకు తండ్రి మొహం కళ్లముందు కదిలేది. ఆయన రోగాన్ని కెమెరా పెట్టెలకు కప్పినట్టు అనిపించేది. మరోవైపు అంతయ్య కాలు మానలేదు. పుండు లోపలికి దిగింది. మార్కెట్‌లో మూటలు మోయలేక, ఒక దుకాణం ముందు కాపలా కూర్చుంటున్నాడని అండాలమ్మే చెప్పింది.

సమ్మె ముగిసి బస్సులు తిరగడం మొదలయ్యాక బిందుమాధవి అండమాన్ నుంచి తిరిగి వచ్చింది. యాదలక్ష్మి ఎప్పటిలాగే సామాన్లను తొట్టిలో మంచినీళ్లలో నానబెట్టి, ఉప్పు పోయేదాకా ఒక్కొక్క మీటనూ నొక్కి నొక్కి కడుగుతోంది. బిందుమాధవి టీ తాగుతూ, “మన కిడ్నీ మిషన్ కథ చెబితే పడవలో వాళ్లు పడీ పడీ నవ్వారు,” అంది.

యాదలక్ష్మి నీళ్లలోంచి చేతులు తీసి తుడుచుకుంది. “మేడం, ఆ రోజు రాయి తీసినాయనకు కాలు కాలింది. ఇంకా మానలేదు. పని పోయింది.”

బిందుమాధవి కప్పు కింద పెట్టింది. “ఆ ముసలావిడ నా తల నిమిరింది. నేను ఆ ముక్క మాత్రం ఎవరికీ చెప్పలేదు,” అంది. “నాకు తెలిసిన డాక్టరు ఉన్నారు. కాలు కాలినాయన్ని అక్కడికి తీసుకెళ్లు. ఖర్చు నేను చూసుకుంటాను,” అంది. ఆమె మొహమూ చిన్నబోయింది. యాదలక్ష్మికి మాత్రం దాంతో బరువు దిగలేదు. అబద్ధం ఆడింది తను, బిందుమాధవి కాదు కదా.

ఆ వారంలోనే అండాలమ్మ అంది: “మొక్కు తీర్చుకోవాలె బిడ్డా. గుట్టకు పోదాం. ఆ పెద్దాయన ఇంటోళ్లను గూడ రమ్మని చెప్పు.”

ఇక దాటేసే దారి లేదు. యాదలక్ష్మి రొట్టెల పొయ్యి పక్కన కింద కూర్చుంది. “అవ్వా, ఆ పెట్టెల్ల మిషన్ లేదు. కెమెరాలు. మా మేడం విమానానికి ఆలస్యమైతుందని అట్ల చెప్పిన.”

అండాలమ్మ రొట్టె తిప్పుతూ తిప్పుతూ ఆగింది. “అంటె మనిషే లేడా?”

“లేడవ్వా.”

పెనం మీద రొట్టె మాడింది. ముసలామె దాన్ని తీసి పక్కన పడేసి, ఇంకో ముద్ద చేతిలోకి తీసుకుంది. తిట్టలేదు. “ఆయన పేరు మీద రోజు దీపం ముట్టిస్తుంటి,” అంది అంతే. ముద్దను అరచేతిలో ఒత్తుతూ, “అంతయ్యకు నేను చెప్ప. నువ్వే పోయి చెప్పు,” అంది.

అంతయ్య పండ్ల మార్కెట్‌లో బత్తాయి గుట్టల పక్కన కాలికి కట్టుతో కూర్చుని ఉన్నాడు. యాదలక్ష్మి అంతా చెప్పింది. డాక్టరు సంగతీ చెప్పింది. ఆయన వంగి కట్టు ముడి బిగించుకున్నాడు.

“నాకెందుకు చెప్పినవు చెల్లె?” అన్నాడు.

“చెప్పకుంటె మనసు నిలువలేదన్నా.”

“నీ మనసు కోసం చెప్పినవు. నొప్పి లేచినప్పుడల్లా, పోనీ, ఒక మనిషి బతికిండు గద అనుకునేటోణ్ణి. మా ఇంటామె రాములమ్మ గూడ గా మాట మీదనే ఓపిక పడుతున్నది. ఇగ నేనేమనుకోవాలె?”

యాదలక్ష్మి లేచి వస్తుంటే ఆయన వెనక నుంచి పిలిచాడు. “దవాఖానకు ఒస్తా. గని ఇంట్ల మాత్రం గీ ముచ్చట చెప్పకు.”

డాక్టరు మందులతో అంతయ్య కాలు మెల్లగా దారికి వచ్చింది. అండాలమ్మ మొక్కు మానుకోలేదు. స్వామికి మాట ఇచ్చినంక ఇచ్చినట్టే, ఆ మొక్కు అంతయ్య కాలు పేరు మీద తీరుస్తానంది. ఒక ఆదివారం అండాలమ్మ, యాదలక్ష్మి, అంతయ్య, ఆయన భార్య నలుగురూ బస్సెక్కి గుట్టకు పోయారు. అంతయ్య మెట్లు కూర్చుంటూ లేస్తూ ఎక్కాడు. దర్శనమయ్యాక మంటపం నీడలో పులిహోర తింటున్నప్పుడు అంతయ్య భార్య రాములమ్మ, యాదలక్ష్మి వైపు తిరిగింది.

“అక్కా, ఆ పెద్దాయన రాలేదేంది?”

అంతయ్య ముద్ద పట్టుకున్న చెయ్యి ఆపాడు. అండాలమ్మ తల వంచుకుని ఆకులో మెతుకులు ఏరుతోంది. ఈసారి అబద్ధం వెతుక్కోవలసి వచ్చింది.

“దూరం పోవద్దన్నరంట,” అంది యాదలక్ష్మి.

“అయితె గిది ఇయ్యి ఆయనకు,” అని రాములమ్మ తన వంతు ప్రసాదంలోంచి సగం తీసి, ఆకులో పొట్లం కట్టి ఆమె చేతిలో పెట్టింది.

యాదలక్ష్మి దాన్ని ఇంటికి తెచ్చి గూట్లో పెట్టింది. తినలేకపోయింది, పారేయలేకపోయింది. పొద్దున మట్టయ్య డ్యూటీకి తయారై, ఖాకీ చొక్కా గుండీలు పెట్టుకుంటూ గూట్లో చూశాడు. పొట్లం విప్పి ఒక ముద్ద నోట్లో వేసుకున్నాడు.

“ఎవలిచ్చిన్రు?” అన్నాడు.

అప్పుడు చెప్పింది, మొదటి నుంచి చివరిదాకా. మట్టయ్య నమలడం ఆపి విన్నాడు. విన్నాక మంచం అంచున కూర్చున్నాడు.

“డిపోల ఎంతమందికి చెప్పిన్నో ఆ కథ,” అన్నాడు. “నేను చూడకున్నా, చూసినట్టే చెప్పిన.”

“తప్పైంది,” అంది యాదలక్ష్మి.

“వాళ్లు పొయ్యి ఆర్పింది మాత్రం నిజమే గద,” అన్నాడు తనకు తానే చెప్పుకుంటున్నట్టు. ఆమెకు ఆ మాటతో ఊరట కలగలేదు, ఆయనకు కలిగిందో లేదో కూడా తెలియలేదు. మట్టయ్య మిగిలిన పులిహోరను రెండు వంతులు చేసి, ఒకటి ఆమె ముందుకు జరిపి, టికెట్ల సంచి భుజాన వేసుకుని బయటికి నడిచాడు. యాదలక్ష్మి ఆకు దగ్గరికి లాక్కుని తినడం మొదలుపెట్టింది.