అందరికీ ఉండే జ్వరం

“ఎడారి మధ్యలో జ్వరమొస్తే మిమ్మల్ని ఎవరు చూస్తారు మాస్టారూ?”

సత్యవేణి ఈ మాట అడిగేటప్పటికి ఎనిమిది నెలల బుజ్జి ఆమె భుజం మీద నిద్రపోతోంది. డ్రిల్లు మాస్టారు జ్ఞానయ్య బడి వరండాలో సైకిలు చెయిను తుడుచుకుంటూ నవ్వాడు.

“మీ భయమంతా బుజ్జికి దాచుకోండి టీచరమ్మా. నా మీద ఖర్చుపెడితే దానికి మిగలదు.”

భయానికి ఆమె దగ్గర కొదవేం లేదు. బీయెస్సీ చదివి బందరులో ఆ హైస్కూల్లోనే సైన్సు చెప్పేది. పిల్ల పుట్టాక, పుస్తకాల్లో చదివిన ప్రతి క్రిమీ వచ్చి ఉయ్యాల చుట్టూ తిరుగుతున్నట్టుండేది. నీళ్లు రెండుసార్లు కాచేది. పట్టపగలు కూడా ఉయ్యాలకు దోమతెర కట్టేది.

జ్ఞానయ్యది దివిసీమ. మోపిదేవి దగ్గర పల్లెలో కూలివాళ్ల ఇంట పుట్టాడు. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క పుస్తకం బైబిలు, దాని చివర రంగుల పటం. అక్షరాలు రాకముందే ఆ పటం మీద యెరూషలేము ఎక్కడుందో వేలుపెట్టి చూపించేవాడు. బందరు వచ్చి చదువుకున్నాక అట్లాసు చూసి ఒక సంగతి కనిపెట్టాడు. బొంబాయి నుంచి బస్రాకు ఓడెక్కితే చాలు, అక్కడినుంచి అంతా నేలే. నేలున్నచోట సైకిలు వెళ్తుంది. అంతే, పన్నెండేళ్లపాటు ప్రతి శనివారం తెల్లవారకుండా బయల్దేరి, పామర్రు మీదుగా గుడివాడ వెళ్లి మధ్యాహ్నం భోజనానికి తిరిగొచ్చేవాడు. 1960లో పాస్‌పోర్టు చేతికొచ్చింది. అక్టోబరులో బయల్దేరి, క్రిస్మసు పండుగ నాటికి బేత్లెహేములో ఉండాలని ఆయన ఆశ.

సత్యవేణి పోరు పడలేక ఇన్సూరెన్సుకు ఒప్పుకున్నాడు. గుడివాడ నుంచి ఏజెంటు పిచ్చేశ్వరరావు చెప్పిన రోజుకు రెండు రోజులు ఆలస్యంగా, కుంటుకుంటూ వచ్చాడు.

“ఏమనుకోకండి బావగారూ, కాలు పట్టేసి పడుకున్నాను. గజ్జలో బిళ్ల, చలిజ్వరం. మామూలే.”

“నాకు పోయిన నెల వచ్చింది లెండి. మూడో రోజుకల్లా పిల్లల చేత డ్రిల్లు చేయించాను,” అన్నాడు జ్ఞానయ్య.

ఏజెంటు కాలు చాపుకోవడానికి సత్యవేణి ఇంకో స్టూలు జరిపింది.

ఆయన బల్ల మీద రెండు కాగితాలు పరిచాడు. ఒకటి ప్రమాదానికి మాత్రమే. రెండోది తీసుకుంటే జబ్బు చేసినా ఆస్పత్రి ఖర్చు, ఇంటికి చేర్చే ఓడ ఖర్చు కూడా కంపెనీయే పెట్టుకుంటుంది. ప్రీమియం మాత్రం మూడింతలు.

“మనిషి దుక్కలా ఉన్నారు. ప్రమాదం పాలసీ చాలు. ఒంటె గుద్దినా డబ్బులొస్తాయి.”

“ఒంటె సంగతి ఒంటె చూసుకుంటుంది. జబ్బుకు కూడా ఉన్నదే తీసుకోండి మాస్టారూ.”

నిద్రలో బుజ్జి ఏదో మూలిగింది. “ఇదుగో, చిన్నమ్మగారు ఊఁ అన్నారు. ఇంక తప్పదు,” అన్నాడు జ్ఞానయ్య.

ఇంగ్లీషు ఫారం నింపింది సత్యవేణే. వచ్చిన జబ్బులన్నీ రాయమని ఉంది. జ్ఞానయ్యకు అబద్ధం గిట్టదు. చిన్నప్పటి ఆటలమ్మ రాయించాడు. వాలీబాలాటలో విరిగిన చిటికెనవేలు రాయించాడు. పీకించుకున్న దవడపన్ను కూడా రాయించాడు.

“పన్ను సంగతి వాళ్లకెందుకండీ? పెళ్లిచూపులా?” అన్నాడు ఏజెంటు.

“అడిగారుగా. ఒక్కటీ వదలొద్దు టీచరమ్మా.”

“మళ్లీ మళ్లీ వచ్చే జబ్బులేమైనా ఉన్నాయా?” ఫారంలో తర్వాతి ప్రశ్న చదివింది సత్యవేణి.

“అబ్బే, ఏం లేవు.”

ఏమీ లేవని ఆమె రాసింది. ఏజెంటు స్టూలు మీది కాలు నెమ్మదిగా దించుకుని, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించాడు.

నవంబరులో బాగ్దాదు నుంచి కార్డు వచ్చింది. రోడ్డు మన పామర్రు రోడ్డులాగే ఉంది, గాలే ఎదురు అని రాశాడు. ఆ తర్వాత మూడు వారాలు ఏమీ లేదు. మళ్లీ వచ్చిన ఉత్తరం బాగ్దాదు ఆస్పత్రి నుంచి. కాలు వాచి, చీము పట్టి, ఒళ్లెరగని జ్వరంతో పడిపోయాడట. అక్కడి డాక్టరు ఫైలేరియా అని, అంటే బోదకాలు జబ్బని, ఏళ్లనాటిదని రాసిచ్చిన కాగితం కూడా అందులో ఉంది.

ఆ కాగితాలు కంపెనీకి పంపింది సత్యవేణే. జవాబు మూడు ముక్కల్లో వచ్చింది. జబ్బు పాతది, ఫారంలో దాచారు, పాలసీ చెల్లదు.

ఆమె డాక్టరు కాగితం మళ్లీ తీసి చూసింది. ఫైలేరియా పురుగు బొమ్మను ఏటేటా బోర్డు మీద వేసేది తనే. దోమ నుంచి మనిషికి, మనిషి నుంచి దోమకు బాణాలు గీసేది తనే. బుజ్జికి పగలు కూడా తెర కట్టేది దాని భయంతోనే. పక్క స్టూలు మీద ఏజెంటు కాలు కనబడుతుండగానే ‘ఏమీ లేవు’ అని రాసిందీ తనే. ఇక్కడ గజ్జలో బిళ్లనీ, చలిజ్వరాన్నీ ఎవరూ జబ్బనుకోరని కంపెనీకి మూడు పేజీలు రాసింది. మళ్లీ అవే మూడు ముక్కలు.

బేత్లెహేముకు ఇంకా ఐదారు వందల మైళ్లుండగా, జ్ఞానయ్యకు క్రిస్మసు ఆస్పత్రి మంచం మీదే గడిచింది. సైకిలు అమ్మి ఓడెక్కాడు. ఫిబ్రవరిలో బందరు స్టేషనులో కర్ర పట్టుకుని రైలు దిగాడు. ఎడమకాలికి చెప్పు పట్టలేదు.

“నా చేత్తో రాశాను మాస్టారూ. పిల్లలకు పాఠం చెప్పేదాన్ని,” అంటూ సత్యవేణి ప్లాట్‌ఫారం మీదే ఏడ్చింది.

“కాలు నాది టీచరమ్మా. నాకే తోచలేదు.” కర్ర రెండో చేతికి మార్చుకున్నాడు. “వెళ్లలేకపోయినందుకు బాధ లేదనను. కానీ దాచానన్నారు చూశారా... పన్ను కూడా రాయించానే!”

ఆయన మళ్లీ సైకిలెక్కలేదు. డ్రిల్లు ఇంకొకరికిచ్చి, ఆయన్ను ఆటసామాను గది దగ్గర కూర్చోబెట్టారు. శనివారం పొద్దున్నే మాత్రం వీధరుగు మీదికొచ్చి, పామర్రు వైపు వెళ్లే సైకిళ్లను చూస్తూ ఉండేవాడు. నాలుగేళ్ల తర్వాత వానాకాలంలో కాలు మళ్లీ పుండు పడి, ఆ జ్వరంలోనే పోయాడు.

మరుసటి ఏడు బుజ్జిని బళ్లో వేసేటప్పుడు ఆరోగ్యం సంగతులు నింపమని ఒక కాగితం ఇచ్చారు. సత్యవేణి మొదటి గీత మీద, మా ఇంట్లో, మా వీధిలో ఫైలేరియా జ్వరాలున్నాయి, పిల్లకు రక్తపరీక్ష చేయించాలి అని రాసింది. గుమాస్తా చదివి, “ఇది ఎవరికి లేదమ్మా? ఇదీ రాస్తారా?” అని నవ్వాడు. ఆమె కొట్టేయలేదు. కర్రతో రైలు దిగిన ఆ రోజు స్టేషను బయట రిక్షా ఎక్కుతూ, బుజ్జి తల మీద చెయ్యి వేసి జ్ఞానయ్య చెప్పాడు:

“దీని గురించి ఎవరు ఏ కాగితమిచ్చి అడిగినా, మన ఊళ్లో అందరికీ ఉండేదేదో అది ముందు రాయండి టీచరమ్మా. పన్ను సంగతి తర్వాత.”