అడ్జస్ట్ అయిన పెండ్లికొడుకు

మా వైపు ఇంగ్లీషు రానివాళ్లకు కూడా ఒక ఇంగ్లీషు క్రియ బాగా వచ్చు: అడ్జస్ట్. బడిలో దానికి సరిచేయడం అని అర్థం చెప్పారు. కర్నూలు బస్టాండులో అర్థం వేరు. "కొంచెం అడ్జస్ట్ కాండప్పా" అంటే, నా సగం శరీరం నీ ఒళ్లో పెడతాను, నువ్వు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండు అని. టైలరు "అడ్జస్ట్ చేస్తాలే" అన్నాడంటే గుడ్డ చాలలేదు, చేతులు పొట్టిగా వస్తాయి అని. మా ఆవిడ "ఈ పూటకు అడ్జస్ట్ కా" అంటే సంకటిలోకి చెనిక్కాయల చట్నీ తప్ప ఇంకేమీ లేదని.

ఈ మాటను అందరికంటే ఎక్కువ వాడింది నేనే. నా బామ్మర్ది పెండ్లి నాడు జరిగినదానికి మా అత్తగారింట్లో మొన్నటిదాకా జీపు డ్రైవరును తిట్టేవాళ్లు. అతని తప్పేమీ లేదు. జరిగింది చెబుతాను.

పెండ్లి కడపలో. తెల్లవారుజామున కర్నూలు నుంచి తరలిపోవాలి. పెద్దల్లుణ్ణి కాబట్టి బండి ఏర్పాటు నాది. రెండు బండ్లు కావాలన్నాడు మామ. ఒకటి చాలన్నాను. పెండ్లికొడుకుకైనా పూలకారు పెట్టమన్నాడు. "కడపలో ఎక్కిద్దాం మామా, ఇప్పుడే కడితే దారిలోనే పూలన్నీ రాలిపోతాయి. అంతవరకు జీపులో అడ్జస్ట్ అవుతాడు" అన్నాను.

అట్లా పట్టుపంచె కట్టుకుని, బుగ్గన చుక్క పెట్టుకుని, పెండ్లికొడుకు జీపు వెనకసీట్లో బియ్యం మూటకూ మా ఆవిడ మేనత్తకూ మధ్య ఇరుక్కున్నాడు. ఆమె భారీ మనిషి. పంచెకు జేబు ఉండదు కాబట్టి అతని ఫోను మా ఆవిడ హ్యాండుబ్యాగులో వేసుకుంది.

చాగలమర్రిలో టీకి దిగాం. తాగి మళ్లీ ఎక్కేటప్పుడు ఎవరి చోట్లో వాళ్లు కూర్చోలేదు. ఒళ్లో ఉన్నవాళ్లు సీట్లోకి, సీట్లో ఉన్నవాళ్లు మూటల మీదికి మారారు. డ్రైవరు నన్ను అడిగాడు, "అందరూ ఎక్కినారాన్నా? ఒకసారి చూడు."

నేను ముందు సీట్లో ఉన్నాను. వెనక్కి తిరగాలంటే ఒళ్లో ఉన్న పండ్ల గంప దించాలి. "అందరూ అడ్జస్ట్ అయినారు, పోనీప్పా" అన్నాను.

బండి కదిలింది. వెనకనుంచి మేనత్త, "ఇప్పుడు శానా సుకంగా ఉండాది. ముందే ఇట్ల కూర్చోనింటే బాగుండు" అంది. నా ఏర్పాటును మెచ్చుకుంటోందని మురిసిపోయాను.

మైదుకూరు దాటాక బ్యాగులో ఫోను మోగింది. తెలియని నంబరు. మా ఆవిడ నాకిచ్చింది.

"ఎవరప్పా?"

"బావా, నేను."

"నేనంటే ఎవరు? పెండ్లికొడుకు బిజీగా ఉండాడు, తరవాత చేయి."

"నేనే పెండ్లికొడుకును బావా. పక్కకు పోయొచ్చేలోపల బండి పోయింది. టీకొట్టాయన ఫోన్లోంచి చేస్తాండా. నాకు నా నంబరొక్కటే గుర్తుండాది."

జీపులో గోల మొదలైంది. ముహూర్తం దగ్గరపడుతోంది, వెనక్కి పోయి వస్తే అందదు. మామ డ్రైవరును వెనకనుంచే పట్టుకున్నాడు. "మనిషిని మరిసిపోయి బండి తోల్తావా రా? కండ్లు యాడ పెట్టుకున్యావు?" డ్రైవరు అద్దంలోంచి నా వైపు చూశాడు. నేను గంపలో అరటిపండ్లు సర్దుతున్నాను.

పెండ్లికొడుకు వెనకొచ్చే బస్సెక్కాడు. చోటు లేకపోతే పసుపు మూటల మీద కూర్చోబెట్టారట. టిక్కెట్టు ఎవరో రైతు తీశాడట. ముహూర్తానికి కాస్త ముందు నడుము కింద అంతా పసుపై మండపంలోకి వచ్చాడు. ఆడపెండ్లివారి ముసలామె తేరిపార చూసి, "మీ పక్క నలుగు కూర్చునే చోట కూడా పెడతారామ్మా" అని అడిగింది. తాళి సమయానికే పడింది.

ఆ డ్రైవరును మామ మళ్లీ పిలవలేదు. వీధిలో ఎదురుపడితే అతను నాకు నమస్కారం పెట్టేవాడు. అది నాకు తిట్టుకంటే కష్టంగా ఉండేది.

మొన్న బామ్మర్ది కూతురి తొట్టెల పండగకు బండి మాట వచ్చింది. "వాడు తప్ప ఎవడైనా సరే" అన్నాడు మామ. ఇక ఉండలేక అంతా చెప్పేశాను. మామ ఫోను తీసి డ్రైవరుకు చేసి స్పీకరు పెట్టాడు.

"ఏమప్పా, తప్పు మా అల్లునిది అంట. మనసులో పెట్టుకోవద్దు. ఆదివారం బండి ఉండాదా?"

"ఉండాది పెద్దాయనా. కానీ ఎక్కినోళ్లను నేనే చూసుకుంటా. మీ పెద్దల్లుడు యాడ కూర్చుంటాడు?"

మామ నా వైపు తిరిగాడు. నేను బస్సులో వస్తానన్నాను.