రాజవ్వకు ఖరీదు కట్టిన రోజు

నేను చేసిన పొరపాట్లన్నీ ఒకదాని వెనక ఒకటి నిలబెడితే సిద్దిపేట నుంచి వర్గల్ గుడి దాకా బారు తీరుతాయి. సరే, అంత లేదు. మా వీధి మలుపు దాకా. ఆ బారులో అన్నింటికంటే ముందు, మెడలో పూలదండతో నిలబడాల్సిన మహా పొరపాటు గురించి ఇప్పుడు చెబుతాను. చదువుతూ పక్కన మంచినీళ్లు పెట్టుకోండి. చెప్పేటప్పుడు నాకైతే ఇప్పటికీ గొంతు ఎండిపోతుంది.

అప్పుడు నేనింకా కుర్రవాణ్ణి. అరవై అయిదేళ్లు.

మాకొక పాత కారు ఉంది. మా బాపు మగ్గం బట్టల వ్యాపారంలో నాలుగు రాళ్లు వెనకేసుకుని, హైదరాబాదులో ఎవరో అమ్ముతుంటే కొన్నాడు. నాకంటే పదేళ్లు చిన్నది. తెల్లటి ఒళ్లు, గుండ్రటి దీపాలు, ఎప్పుడూ ఆశ్చర్యపోతున్నట్టుండే ముఖం. ఏ కంపెనీదో చెప్పను, పాపం వాళ్ల తప్పేమీ లేదు. బాపు దానికి రాజవ్వ అని పేరు పెట్టాడు. ఆయన బొటనవేలు ఆనిన చోట స్టీరింగ్ ఇప్పటికీ నున్నగా మెరుస్తుంది. ఆయన పోయాక నేను తుడవని చోటు అదొక్కటే.

బీమా మాత్రం ఏటేటా కట్టేవాణ్ణి. కాగితం మడిచి బీరువాలో పెట్టడమే తప్ప చదివిన పాపాన పోలేదు. ఇంతలో పక్కింటాయన మూడంతస్తులు లేపడం మొదలుపెట్టాడు. రాజవ్వ ఉండే రేకుల షెడ్డు సరిగ్గా ఆ గోడ కిందే. పొద్దున ఒక ఇటుక ముక్క రేకు మీద 'ధన్'మనేది. నా గుండె కూడా దానితోపాటే 'ధన్'మనేది. మధ్యాహ్నం మరొకటి. వారం తిరిగేసరికి పళ్లెం కింద పడ్డా నేను షెడ్డులోకి పరుగెత్తే స్థితికి వచ్చాను.

ఆ భయంలో బీమా కాగితం తీసి చదివాను. రాజవ్వ విలువ అని రాసిన అంకె చూసి మంచం మీద కూలబడ్డాను. ఆ డబ్బుకు ఒక మోస్తరు ఫ్రిజ్ వస్తుంది. అదీ చిన్నది.

ఆఫీసుకు వెళ్లి అడిగితే అక్కడి గుమాస్తా తల ఎత్తకుండానే చెప్పాడు: "షెడ్డు కూలితే కాగితం మీద ఉన్నదే వస్తది సార్. గిసుంటి పాత బండ్లకు అసలు ధర రావాలంటే మా మనిషి వచ్చి చూడాలె. మీరు, కంపెనీ కలిసి ముందే ఒక ధర ఒప్పుకోవాలె."

"ఎంత దాక ఒప్పుకుంటరు?"

"బండిని బట్టి, మీరు చెప్పేదాన్ని బట్టి."

నన్ను ముంచింది ఆ చివరి ముక్కే. చెప్పేదాన్ని బట్టి! చెప్పడంలో నన్ను మించినవాడు మిరుదొడ్డి దాకా లేడు. సరే, మా వాడలో లేడు. అది మాత్రం తగ్గించను.

మా మెకానిక్ మల్లేశాన్ని పిలిచి సంగతి చెప్పాను. ముప్పై ఏళ్లుగా రాజవ్వకు వైద్యం చేస్తున్నది వాడే. ఆవిడ ఒక్కరోజైనా కోలుకున్నది లేదు గానీ, వాడి ధైర్యం ఏనాడూ సడలలేదు.

"కాకా, నువ్వు పెద్దగ చెప్పు. ఎంత పెద్దగ చెప్తే గంత ధర" అన్నాడు.

"అబద్ధమైతదేమోరా?"

"కొత్తగ మొదలువెడుతున్నవా ఏంది?"

ఆ తర్వాతి రెండు రోజులు నేను చేసిన పని ఏమిటంటే, వాడలో ఇంటింటికీ తిరిగి పెళ్లి ఆల్బమ్‌లు పోగుచేయడం. మా వాడలో ఏ పెళ్లికొడుకైనా బరాత్‌లో ఊరేగింది రాజవ్వ మీదే. ఇంతకు మించిన సాక్ష్యం ఏముంటుంది? గోనెసంచి నిండా ఆల్బమ్‌లు తెచ్చి పెట్టాను.

విలువ కట్టే మనిషి వచ్చింది. పేరు సంధ్య. ముప్పై ఏళ్లుంటాయి. చేతిలో టార్చి, చంకలో ఫైలు, ముఖంలో ఏ భావమూ లేదు. నవ్వే మనిషిని నమ్మించవచ్చు, కోప్పడే మనిషిని బతిమాలవచ్చు. ఏమీ అనని మనిషిని ఏం చేస్తాం?

ఆమె బండి చుట్టూ ఒకసారి తిరిగింది. డిక్కీ దగ్గర ఆగి వంగి చూసింది. లోపల కూర్చుని మీటర్ చూసింది. తర్వాత వాకిట్లో కుర్చీ వేసుకుని పెన్ను తీసింది.

"బండి గురించి చెప్పండి సార్."

ఇక నన్నెవరు ఆపుతారు?

"మా చుట్టాలంత బొంబాయి దగ్గర భివండిల మగ్గాల పనిల ఉన్నరు మేడం. ఏడాదికి రెండుసార్లు భివండి. ముప్పై ఏండ్లు. పోవుడు, వచ్చుడు, ఏడ ఆగింది లేదు."

ఆమె రాసుకుంది. పక్కన చిన్న గీత గీసింది. నా ప్రాణం కొంచెం కుదుటపడింది. ఒక మెట్టు ఎక్కామన్నమాట.

"ప్రతి శుక్రవారం వర్గల్ సరస్వతి గుడికి. వాడల పిల్లల అక్షరాభ్యాసాలన్నీ రాజవ్వ చేతుల మీదనే అయినయి."

రాసింది. మరో గీత. గోడ అవతల ఏదో 'ధన్'మంది. నేను కుర్చీలో ఎగిరిపడి, మళ్లీ కూర్చుని, ఇంకొంచెం పెంచాను. "మర్కూక్ గుట్టలు, మట్టి రోడ్లు, గుంతలు... అన్నీ చూసింది మేడం."

ఇంకో గీత. నా ఆనందానికి హద్దు లేదు. గోనెసంచి బోర్లించాను.

ఆమె ఒక్కో ఆల్బమ్ తిప్పింది. ప్రతి ఫొటోలోనూ రాజవ్వ బంతిపూల కింద కూరుకుపోయి ఉంది. నంబరు ప్లేటు కూడా కనిపించదు. కనిపించేదల్లా పూలు, పెళ్లికొడుకు, బండి వెనక నడుము వంచిన ఆరుగురు మగవాళ్లు.

"సార్, వెనక వీళ్లెందుకు వంగిన్రు?"

"డాన్స్ మేడం. తీన్మార్."

పేజీ తిప్పింది. ఇంకో పెళ్లి, ఇంకో ఆరుగురు, అదే వంగడం.

"అందరిది ఒకటే స్టెప్పా?"

"అప్పట్ల గదే నడుస్తుండె."

పక్కనున్న మల్లేశం దగ్గు వచ్చినట్టు నటించి గోడవైపు తిరిగాడు. ఆమె పెన్ను ఆపింది.

"ఇన్ని పెండ్లిళ్లకు ఇచ్చిన్రు. కిరాయి ఎంత తీసుకుంటుండ్రి?"

నేను చేయకూడని పని సరిగ్గా అక్కడే చేశాను. "ఊరికే ఇచ్చాను" అంటే బండికి గిరాకీ లేదనుకుంటుందేమోనని భయం. ఛాతీ కొంచెం ముందుకు తోసి, "అయిదు వేలకు తక్కువ బండి వాకిలి దాటేది కాదు మేడం" అన్నాను.

నా వెనక చాయ్ గ్లాసులు టక్కుమన్నాయి. మా ఆవిడ యాదమ్మ పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది.

"ఏందయ్యా? అయిదు వేలా?"

"యాదమ్మా, నువ్వు లోపలికి..."

"నలభై పెండ్లిళ్లకు అయిదు వేల చొప్పున తీసుకున్నవా? నా ముక్కుపుడక అడిగితే పైసల్లేవంటివి! ఏడవెట్టినవ్ గా పైసలు?"

నేను నోరు తెరిచేలోపు సంధ్య ఫైలు మూసింది. ఆ చప్పుడు నాకు రేకు మీద ఇటుక పడ్డట్టే వినిపించింది.

"సార్, మీటర్ల పంతొమ్మిది వేల కిలోమీటర్లే ఉంది. మీరు చెప్పింది కూడితే లక్ష దాటుతుంది. అంటే మీటర్ తిప్పిన్రు. ఇంజన్ అరిగిపోయింది. అందుకే మీరు ఒక్కో ప్రయాణం చెప్పినప్పుడల్లా నేను ధర తగ్గించుకుంట వస్తున్న."

తగ్గించుకుంటూ! ఆ గీతలు మెట్లే, ఎక్కేవి కాదు. దిగేవి.

"ఇంకొకటి. ఇది సొంత వాడకపు బండి అని బీమా ఉంది. కిరాయికి తిప్పితే ఆ బీమా చెల్లదు. నేను ధర కాదు, అసలు పాలసీయే రాయలేను."

నా కళ్లముందు రాజవ్వ మీద మూడంతస్తులూ ఒకేసారి కూలాయి. కొత్త ధర రాదు. పాత ఫ్రిజ్ కూడా పోయింది. ఇటు యాదమ్మ ముక్కుపుడక. అబద్ధం మీద నిలబడితే బీమా లేదు, ఇంట్లో అన్నం లేదు. నిజం చెబుతామా అంటే నలభై ఏళ్ల పరువు వాకిట్లో పడుతుంది.

నా ముఖం చూసి జాలిపడిందేమో, సంధ్య మాట మార్చింది. "చివరి ప్రశ్న. దొంగలు ఎత్తుకపోకుండ తాళం గిట్ల ఏమన్న ఉన్నదా?"

యాదమ్మ కోపం ఇంకా చల్లారలేదు. "తాళమెందుకు బిడ్డా? దీన్ని ఎత్తుకపోవాలంటే ఏడుగురు దొంగలు రావాలె. ఒగడు లోపల కూసుండాలె, ఆరుగురు నెట్టాలె."

సంధ్య మెల్లగా ఆల్బమ్ మళ్లీ తెరిచింది. నడుము వంచిన ఆరుగురినీ చూసింది. నన్ను చూసింది.

"తీన్మార్?"

"నెట్టుడు, బిడ్డా" అన్నాను. 'మేడం' అనే మాట ఎటు పోయిందో తెలియదు, నోట్లోంచి 'బిడ్డా' అనే వచ్చింది.

ఇక అన్నీ కక్కేశాను. రాజవ్వ మొదలవుతుంది, ఫర్లాంగు నడుస్తుంది, వేడెక్కుతుంది, ఆగిపోతుంది. అది దాని నియమం. భివండికి ఒకే ఒక్కసారి బయలుదేరాం. ఊరు దాటి రెండు కిలోమీటర్లు నెట్టుకుంటూ పోయాక బస్సెక్కాం. వర్గల్‌కు ఒక్కసారి వెళ్లింది నిజమే, ట్రాక్టరు వెనక తాడుతో. కిరాయి సంగతా? ఒక్క రూపాయి పుచ్చుకుంటే ఒట్టు. నెట్టినవాళ్లకు చాయ్ ఖర్చు కూడా నాదే.

"గది నిజమే బిడ్డా" అంది యాదమ్మ, ముక్కుపుడక సంగతి కాసేపు పక్కన పెట్టి. "మా పెండ్లినాడు బరాత్‌ల నేను సుత దిగి నెట్టిన. పట్టుచీర తోని. ఈయన మాత్రం లోపల పెండ్లికొడుకు లెక్క కూసున్నడు."

"పెండ్లికొడుకునే గదనే!"

"అయితే? పెండ్లికూతురు నెట్టొచ్చునా?"

సంధ్య మొదటిసారి పెదవి కొరుక్కుంది. తర్వాత మళ్లీ రాయిలా మారింది. "డిక్కీ మీద అరచేతులంత మేర రంగు పోయింది. అది చూసే అనుమానపడ్డ. కానీ సార్, ఇందాక లక్ష కిలోమీటర్లన్నరు, ఇప్పుడు ఫర్లాంగంటున్నరు. నిజంగ నడవని బండైతే ఇంజన్ కొత్తదే, ధర బాగ పెరుగుతది. కానీ మీ మాట నేనెట్ల నమ్మాలె?"

చూశారా నా బతుకు? అబద్ధాలు చెప్పి ధర పోగొట్టుకున్నాను. నిజం చెబితే ధర పెరుగుతుందట, కానీ నమ్మేవాళ్లు లేరు.

ఆమె బానెట్ ఎత్తింది, టార్చి వేసింది. మల్లేశం వైపు తిరిగి, "వేడికి పెట్రోలు పైపులనే ఆవిరైతున్నట్టుంది. పంపు మీద తడిగుడ్డ చుట్టిన్రా ఎప్పుడన్న?" అంది.

ముప్పై ఏళ్ల వైద్యుడు నేల చూపులు చూశాడు. యాదమ్మ వంటింటి గుడ్డ తడిపి తెచ్చింది. చుట్టాం.

"ఇప్పుడు నడపండి సార్. నేను కూసుంట."

సంధ్య వెనక, యాదమ్మ నా పక్కన. తాళంచెవి తిప్పాను. రాజవ్వ గొంతు సవరించుకుని లేచింది. వీధిలోకి వచ్చాం. కిరాణా కొట్టు దగ్గర ఆగిపోవాలి, ఎప్పుడూ అక్కడే ఆగుతుంది. ఆగలేదు. టైలరు దుకాణం దాటింది. అక్కడికి మేం ఎన్నడూ నెట్టకుండా వచ్చింది లేదు.

"మంచిగనే నడుస్తుంది గదయ్యా!" అంది యాదమ్మ సంబరంగా.

"అవునే, గదే నా భయం!"

ఎదురుగా వీధి మలుపు. మలుపులో పక్కింటాయన పోయించిన ఇసుక కుప్ప. ఇన్నేళ్లలో రాజవ్వను నేను ఆపిన గుర్తు లేదు. తనే ఆగేది. బ్రేకు ఎడమదా, నడిమిదా అని కాళ్లు ఒకదాన్నొకటి అడుగుతుండగానే, రాజవ్వ మెత్తగా, పెద్దమనిషి దిండు మీద ఒరిగినట్టు, ఇసుకలోకి ఒరిగింది.

ఎవరికీ ఏమీ కాలేదు. బండికి గీత కూడా పడలేదు. నేను వెనక సీటు వైపు తిరిగి చూసే ధైర్యం చేయలేదు. చివరికి సంధ్య ఫైలు మీది ఇసుక దులుపుకుంటూ అంది:

"ఇప్పుడు నమ్ముతున్న సార్. ముప్పై ఏండ్లు భివండికి నడిపిన మనిషి గిట్ల నడపడు."

నేను ఆశపడినదానికంటే ఎక్కువే రాసింది. ఇంజన్ అరగలేదు, మీటర్ నిజమే, కిరాయి లేదు. బండిని ఇసుకలోంచి లాగడానికి ఆరుగురు వచ్చి నడుము వంచారు. ఆల్బమ్‌కు ఇంకో ఫొటో.

కాబట్టి, చదువుతున్న మీ అందరి ఎదుటా, కుడిచేయి గుండె మీద పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను: నా కారు ఒక్క అడుగు నడిచిందని కూడా ఇకమీదట ఎవరితోనూ చెప్పను, అడిగినా చెప్పను, నడిచినా చెప్పను. సాక్షి సంతకం కోసం యాదమ్మ దగ్గరికి వెళ్లాను. ముందు ముక్కుపుడక అట, సంతకం తర్వాతట.