మొక్కజొన్న చేలో సింహాచలం బావ గొంతు

నేను బోరు మోటార్లు బాగు చేసేవాణ్ణి. దెయ్యాలు, గాలి, ధూళి అని ఎవరైనా మొదలుపెడితే అక్కణ్ణించి లేచి వచ్చేసే రకం. ఇది కూడా దెయ్యం కథ కాదు. ఇందులో ఉన్నవాళ్లంతా నిక్షేపంగా బతికే ఉన్నారు. నాకు జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

మాది రామతీర్థానికి అవతల, కొండను ఆనుకుని ఉన్న ఊరు. మొక్కజొన్న గింజ కట్టే వేళకి అడవి పందులు దిగుతాయి. ఒక్క రాత్రిలో అరెకరం చేను తొక్కేసి పోతాయి. మేం నలుగురు స్నేహితులం బల్లేలూ టార్చిలైట్లూ పట్టుకుని, రెండు కుక్కల్ని వెంటేసుకుని, రాత్రుళ్లు వాటి వేటకు వెళ్లేవాళ్లం. చట్టం ఒప్పదని తెలుసు. అయినా వెళ్లేవాళ్లం. నిజం చెప్పాలంటే చేను కోసం కొంత, నలుగురం కలిసి తిరగడం కోసం కొంత.

మాలో పెద్దవాడు సింహాచలం. చుట్టరికం లేకపోయినా బావా అని పిలుస్తాను. నన్ను ‘బక్కోడా’ అని పిలిచేది అతనొక్కడే. వేటలో ఎప్పుడూ అతనే ముందు. ఇంకొకరు ముందు నడిస్తే ఊరుకోడు.

మూడేళ్ల కిందట మాఘమాసంలో అతనికి టైఫాయిడ్ తగిలింది. అయినా వేటకు వస్తానని పట్టుబట్టాడు. వాళ్లావిడ పైడమ్మక్క అతని చెప్పులూ టార్చీ బీరువాలో పెట్టి తాళం వేసింది. మేం బయల్దేరుతుంటే మంచం మీంచే గొణిగాడు.

“నాను లేకుండా ఏటి కొడతార్రా మీరు? సరే, ఎల్లండి. కుక్కల్ని సూసుకోండి.”

రమణ, అప్పలనాయుడు, నేను వెళ్లాం. ఆ రాత్రి మొదటిసారి ముందు నడిచింది నేను.

పన్నెండు దాటాక చేలో కర్రలు విరుగుతున్న చప్పుడైంది. కుక్కలు మొరగడం అందుకున్నాయి. పందికి అడ్డం పడదామని నేను గట్టు మీద జీడితోట వైపు పరిగెత్తాను. టార్చి వెలుగు చేను మీదే ఉంది. రమణ నాకు ముప్పై అడుగులు వెనక. అప్పలనాయుడు కుక్కలతో చేనుకు అవతలి పక్క.

“ఒరే బక్కోడా, ఆగు. కాలెత్తకు.”

నా ఎడమ చెవి వెనక వినిపించింది. అరిచినట్టు కాదు, పక్కనున్న మనిషికి చెప్పినట్టు. సింహాచలం బావ గొంతే. ఇరవై ఏళ్లుగా వింటున్న గొంతు, పొరపాటు పడే వీల్లేదు.

ఆగిపోయాను. భయం వేయలేదు, కోపం వచ్చింది. అంత జ్వరంతో ఈ మంచులో పడి వచ్చాడే అని.

“ఎందుకొచ్చీసేవు బావా?” అంటూ వెనక్కి తిరిగాను. ఎవరూ లేరు. రమణ ఆయాసపడుతూ అప్పుడే వస్తున్నాడు.

“ఎవులితో మాటాడతన్నావు?” అన్నాడు. అతనికి నా మాట తప్ప ఇంకేమీ వినపడలేదట.

టార్చి కిందికి దించాను. ఒక్క అడుగు దూరంలో, మోకాలి కంటే కాస్త తక్కువ ఎత్తులో, పుల్లలకు కట్టిన సన్నటి ఇనప తీగ. పందుల కోసం ఎవరో కరెంటు పెట్టారు. నా జేబులో టెస్టర్ ఎప్పుడూ ఉంటుంది. ఆనించి చూస్తే వెలిగింది.

అప్పలనాయుణ్ణి కేకేసి కుక్కలకు గొలుసులు వేయించాం. అడుగు అడుగూ చూసుకుంటూ దిగి, నేరుగా సింహాచలం ఇంటికి వెళ్లాం.

లైటు వెలుగుతోంది. మేం పిలవకముందే పైడమ్మక్క తలుపు తీసింది.

“మీకేటీ అవ్వనేదు కదా తమ్ముడూ? ఇందాకల మీ బావ నిద్దర్లోంచి లెగిసి కూసున్నాడు. ‘బక్కోడా, ఆగు, కాలెత్తకు’ అన్నాడు. మళ్లీ పడుకున్నాడు. ఒళ్లు కాలిపోతన్నాది. అప్పట్నుంచీ నాకు నిద్దర నేదు.”

నేను విన్న మాటలేమిటో అప్పటికి రమణకు కూడా చెప్పలేదు.

మా అలికిడికి బావ కళ్లు తెరిచాడు. “పంది పడిందా?”

“లేదు బావా.”

“నానొస్తే పడును,” అని గోడ వైపు తిరిగి నిద్రపోయాడు. నాకు ఏడుపొచ్చింది. అక్క అతని నుదుటి మీద తడిగుడ్డ మారుస్తుంటే నీళ్ల గిన్నె పట్టుకుని తెల్లారేదాకా ఆ మంచం పక్కనే కూర్చున్నాను.

పొద్దున్నే ఆ తీగ పెట్టిన రైతును పట్టుకుని తీయించేశాం. ఆ తర్వాత వేట మానేశాం. ఇప్పుడు డబ్బాలు వాయించి పందుల్ని తోలుతున్నాం. బావ కోలుకున్నాడు, అందరికంటే గట్టిగా అతనే వాయిస్తాడు.

తీగను నేనే ఓరకంట చూసి ఉంటానని, నా మనసే ఆ గొంతుతో చెప్పి ఉంటుందని సర్దిచెప్పుకోబోయాను. మరి అక్క విన్నదేమిటి? జ్వరంలో పలవరించాడనుకుందాం. సరిగ్గా అవే మాటలా?

బావను చాలాసార్లు అడిగాను. అతనికి ఏమీ గుర్తులేదు. “జొరంలో ఏటో వాగుంటాను. ఒగ్గీరా,” అంటాడు, నా వీపు మీద ఒకటి చరిచి.

నేను మాత్రం వదల్లేకపోతున్నాను. మంచం మీదున్న మనిషి మాట మైలున్నర దూరంలో ఉన్న నా చెవికి ఎలా చేరిందో నాకు ఇప్పటికీ తెలియదు.